తీగలేని వలయందు పనుల పంపకము

కొన్ని మాసముల క్రిందట మా పాఠశాలలో నడచిన యొక చిన్న సంగతి ఈ వ్యాసమునకు కారణము. అది ఉపకారవేతనపు దరఖాస్తులు పంపుటకు కడపటి దినము. పదవ తరగతి విద్యార్థులు పండ్రెండుగురు గ్రంథాలయమున ట్యాబ్లెట్లు ముందిడుకొని తమ వివరములు నింపవలసి యుండెను. వారిలో అయిదుగురు ఉదయముననే వచ్చి పని మొదలుపెట్టిరి. తక్కిన యేడుగురు దూరపు కాలనీలనుండి బస్సులలో వచ్చువారగుటచే పది గంటలు దాటిన పిమ్మట చేరిరి. మొదటివారి పని నిరాటంకముగా సాగుచుండెను. తరువాత వచ్చినవారిని మాత్రము వైఫై లోనికి రానీయలేదు. గది యొకటే, గోడమీది పెట్టె యొకటే, ట్యాబ్లెట్లన్నియు నొక్క తీరువే. ఎవరి పేరు, ఎవరి రహస్యపదము వారికి చక్కగా జ్ఞాపకమున్నవి. తెరమీద సంకేతపు గుర్తు నిండుగా కనబడుచునే యుండెను. "సార్, దాన్ని పోనిచ్చి నన్నెందుకు పోనివ్వడం లేదు?" అని యొక బాలిక ప్రక్కనున్న నేస్తురాలిని చూపి యడిగినది. అప్పుడు మాయొద్ద జవాబు లేదు.

అంతలో మరియొక వింత కనబడెను. ఉదయము ప్రవేశించిన యైదుగురిలో నొక బాలుడు ట్యాబ్లెట్టు చేతబట్టుకొని ప్రక్క గదికి పోయి మరలి వచ్చెను. అంతమాత్రమున అతనికిని తలుపు మూతపడెను. కార్యాలయపు గదిలో తీగతో కలుపబడిన కంప్యూటరు మాత్రము ఎప్పటివలె పనిచేయుచుండెను. ఎనమండుగురు పిల్లలు దానియొద్ద వరుసగా నిలిచిరి. ఒక్కొక్క దరఖాస్తునకు ముప్పావు గంట పట్టెను. సాయంకాలము అయిదు గంటలకు గడువు తీరునప్పటికి వారిలో ఏడుగురివి చేరినవి, ఒక్కతెది చేరలేదు. పై ప్రశ్న యడిగినది ఆ బాలికయే.

ఆమెకు ఆలస్యముగానైనను జవాబు చెప్పవలసియున్నది. ఆ జవాబు ఒక్క మాటలో ఇమిడియున్నది: ఏ పని ఎచట జరుగవలెనను పంపకము. దాని నీ పుటలలో వివరింప బూనితిమి.

ఇంటి పెట్టె

మొదట ఇండ్లలోని సంగతి చూతము. నిజాంపేట యొకప్పుడు నగరమునకు వెలుపలి పల్లె. 1998 నవంబరు 22వ తేదీన మాదాపూరులో సైబర్ టవర్సు ప్రారంభింపబడిన పిమ్మట హైటెక్ సిటీ నానాటికి పెరిగినది. అచట ఉద్యోగములు చేయువారికి నివాసములు కావలసివచ్చినవి. పొలములున్న చోటుల అంతస్తుల మేడలు లేచినవి. నేడు ఒక్కొక్క అంతస్తున నాలుగైదు కాపురములు. ఇంచుమించు ప్రతి కాపురమునకు నొక వైఫై పెట్టె.

తీగమీద వచ్చిన సమాచారమును రేడియో తరంగములుగ మార్చి మన ఫోనునకు అందించి, ఫోను పంపినదానిని మరల తీగలోనికి చేర్చునట్టి సాధనమును యాక్సెస్ పాయింటు అందురు. ఇంటి పెట్టెలో ఈ సాధనము ఇమిడియుండును. ఇది సర్వస్వతంత్రము. తన పేరు తానే చాటును; వచ్చినవాని రహస్యపదము తానే పరీక్షించును; ఏ ఛానలుమీద మాటలాడవలెనో తానే నిర్ణయించుకొనును. ఒక్క ఇంటికి ఇది మిక్కిలి యనుకూలము. ఎవరిని అడుగవలసిన పని లేదు. ఎవరి తీగ తెగినను తన గృహకృత్యము నిలువదు.

అయినను నూరిండ్ల మేడలో నూరు స్వతంత్ర రాజ్యములున్నచో నేమగును? 2005 జనవరిలో భారత ప్రభుత్వము 2.4 గిగాహెర్ట్జు పట్టీని లైసెన్సు లేకయే వాడుకొనుటకు అనుమతించినది. ఆ పట్టీలో మన దేశమున 13 ఛానళ్లు కలవు. కాని ప్రక్కప్రక్క ఛానళ్లు ఒకదానిమీదికొకటి పొరలును. అట్లు పొరలకుండ ఏకకాలమున వాడదగినవి సాధారణముగా 1, 6, 11 అను మూడే. గోడ కీవలి పెట్టెయు, గోడ కావలి పెట్టెయు, పై అంతస్తుది, క్రింది అంతస్తుది ఆ మూడింటినే పంచుకొనవలెను. వైఫై మర్యాద యేమనగా, మాటలాడుటకు ముందు చెవియొగ్గి వినవలెను. మరియొకరు మాటలాడుచున్నచో ఆగవలెను. కావున రాత్రి తొమ్మిది గంటలవేళ అందరును ఇల్లు చేరి ఫోన్లు తెరచినప్పుడు ఒక్కొక్క పెట్టె ఆగి యాగి మాటలాడును. ఏ పెట్టెయు తప్పు చేయుట లేదు. ఐనను పక్కింటివానికి ఏ ఛానలు మంచిదో నిర్ణయించు అధికారము ఏ పెట్టెకును లేదు. పెద్ద లేని యింటిలో ప్రతివాడును సజ్జనుడే యైనను ఇరుకు తప్పదు.

కార్యాలయపు ఏర్పాటు

ఆ కాపురస్థుడే తెల్లవారి హైటెక్ సిటీలోని కార్యాలయమునకు పోవును. అచటి మేడలో నూర్లకొలది యాక్సెస్ పాయింట్లుండును. అవి స్వతంత్రములైనచో వాటి నొక్కొక్కదానిని వేరువేరుగ దిద్దవలెను. ఒక ఉద్యోగి పని మానినప్పుడు అతని పేరును నూరు చోటుల కొట్టివేయవలెను. ఒక్కచోట మరచినను అదియే దొంగదారి యగును. అదిగాక చేత ఫోను పట్టుకొని మాటలాడుచు ఒక కొననుండి మరియొక కొనకు నడచువానిని ఒక పెట్టె మరియొక పెట్టెకు అప్పగింపవలెను. ఒకరి నొకరు ఎరుగని పెట్టెలకు ఈ యప్పగింత నేర్పుగా చేయుట సాధ్యము కాదు.

కావున ఈ శతాబ్ది యారంభమున తయారీదారులు వేరొక యుపాయమును బన్నిరి. పెట్టెలలోని తెలివిలో కొంత భాగమును తీసి యొక్కచోట నుంచిరి. ఆ చోటికే కంట్రోలరు అని పేరు. గోడమీది పెట్టెలు చేతులు, కంట్రోలరు తల. ఇక ప్రశ్న యేమనగా, చేతికెంత తెలివి విడువవలెను? తలకెంత యీయవలెను?

చేతిలోననే జరుగవలసిన పనులు

అన్ని పనులను తలకే యప్పగించి చేతిని వట్టి రేడియోగా నుంచరాదా యని యడుగవచ్చును. ఒకే మేడలో దగ్గరదగ్గరగా నున్నప్పుడు అట్టి పద్ధతియు నూహింపబడినది. కాని దూరమున నది చెల్లదు. ఏల చెల్లదో చిన్న లెక్కచేత తెలియగలదు.

వైఫైలో సమాచారము ఫ్రేములను చిన్న కట్టలుగా పోవును. గాలిలో నేదైన చెడిపోవచ్చును గనుక ఒక్కొక్క ఫ్రేము అందినతోడనే అందుకొన్నవాడు "అందినది" అని తిరుగు సంకేతము పంపవలెను. ఎంతలో పంపవలెను? 2.4 గిగాహెర్ట్జు పట్టీలో 10 మైక్రోసెకండ్ల విరామము, 5 గిగాహెర్ట్జు పట్టీలో 16 మైక్రోసెకండ్ల విరామము గడువగనే ఆ సంకేతము మొదలు కావలెనని నియమము. సెకండును పదిలక్షల భాగములు చేసినచో అందొక భాగము మైక్రోసెకండు. అది సకాలమున వినరానిచో పంపినవాడు ఫ్రేము నష్టమైనదని తలచి మరల పంపును.

గాజు తీగలో కాంతి సెకండునకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. అనగా మైక్రోసెకండునకు 200 మీటర్లు. 10 మైక్రోసెకండ్లలో 2 కిలోమీటర్లు, 16 మైక్రోసెకండ్లలో 3.2 కిలోమీటర్లు మాత్రమే పోగలదు. నిజాంపేటనుండి హైటెక్ సిటీకి నేరుగా కొలిచినను సుమారు 8 కిలోమీటర్లు. పోవుటకు 40, వచ్చుటకు 40, మొత్తము 80 మైక్రోసెకండ్లు దారిలోనే గడచిపోవును. కేబులు వీధులవెంట వంకరలు తిరుగును; నడుమ యంత్రములు ఆలస్యము చేయును; వాటిని లెక్కింపనేలేదు. కావున "అందినది" అను చిన్నమాట హైటెక్ సిటీనుండి వచ్చుట యెన్నటికిని పొసగదు. ఎంత ధనము వెచ్చించినను కాంతిని త్వరపెట్టజాలము. ఆ మాట గోడమీది పెట్టెయే చెప్పవలెను.

ఇట్టివే మరికొన్ని కలవు. ప్రతి పెట్టెయు తన పేరును, తన నియమములను సాధారణముగా 102.4 మిల్లిసెకండ్లకొకసారి, అనగా సెకండునకు ఇంచుమించు పదిసారులు చాటుచుండును. ఈ చాటింపునకు బీకను అని పేరు. అందు పెట్టెయొక్క గడియారపు కాలము వ్రాయబడును. అది గాలిలోనికి పోవు క్షణపు కాలమే కావలెను. ఎచటనో వ్రాసి పంపినచో దారిలో పాతబడును. ఫోను తన బ్యాటరీ మిగుల్చుకొనుటకు నడుమనడుమ నిద్రించును. దానికి వచ్చిన ఫ్రేములను పెట్టె దాచియుంచి, "నీకు వచ్చినవి కలవు" అని బీకనులో తెలుపును. చెడిన ఫ్రేమును మరల పంపుట, సంకేతము క్షీణించినప్పుడు వేగము తగ్గించుట, ఇవన్నియు నప్పటికప్పుడు, అచటికచట జరుగవలసిన పనులే.

తలయొద్ద జరుగవలసిన పనులు

మరి తలకు మిగులునవేవి? అందరి సంగతియు తెలిసిననే గాని సరిగా చేయరాని పనులు. వాటికి సెకండులో పదియవ వంతు ఆలస్యమైనను ముప్పు లేదు.

మొదటిది, ఎవనిని రానీయవలెనను విచారణ. పేర్లును, రహస్యపదములును ఒక్క పుస్తకమున నున్నప్పుడే ఒక్కసారి కొట్టివేసిన పేరు అంతటను కొట్టివేయబడును. రెండవది, లోనికి వచ్చినవానితో గుప్తముగా మాటలాడుటకు తాళపుచెవులు తయారుచేసి పంచుట. మూడవది, ఛానళ్ల పంపిణీయు, ఎంత బిగ్గరగా మాటలాడవలెనను నిర్ణయమును. ఒక పెట్టె తన యిరుగుపొరుగును మాత్రమే వినగలదు. కంట్రోలరు అన్ని పెట్టెల నివేదికలను చేర్చి చూచి, ఈ గదికి 1, ఆ గదికి 6, మెట్లయొద్ద 11 అని పంచిపెట్టగలదు. నిజాంపేట మేడలలో లేని పెద్ద ఈతడే. నాలుగవది, నడచిపోవువానిని ఒక పెట్టెనుండి మరియొకదానికి ఆలస్యము లేక యప్పగించుట. ఈ యప్పగింతను వేగిరపరచుటకు 2008లో 802.11ఆర్ అను నియమము వెలువడినది.

మా చదువరులకు నిర్గమకాండములోని కథ జ్ఞాపకమునకు వచ్చియే యుండును. మోషే ఉదయము మొదలు సాయంకాలమువరకు కూర్చుండి జనుల వ్యాజ్యెములన్నియు తానే తీర్చుచుండగా ఆతని మామ యిత్రో చూచి, ఇట్లయినచో నీవును నలిగిపోదువు, జనులును నలిగిపోదురని హెచ్చరించెను. వేయిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి అధిపతులను నియమించి, చిన్న సంగతులను వారే తీర్చునట్లును, కఠినమైనవి మాత్రము తనయొద్దకు వచ్చునట్లును చేయుమనెను. వైఫై వ్యవస్థలోని పంపకమును ఈ మార్గముననే నడచినది. ఐతే ఒక భేదము కలదు. యిత్రో సంగతుల పెద్దరికమును బట్టి పంచెను. యంత్రనిర్మాతలు త్వరనుబట్టి పంచిరి. క్షణములో తీరవలసినది చేతికి. అందరిని చూచి తీర్పవలసినది తలకు.

వ్రాయని ఒప్పందము

ఈ రెండు కొనల నడుమ ఇటైనను అటైనను చేయదగిన పనులు కొన్ని కలవు. తగవులు పుట్టినది అచటనే. సమాచారమును గుప్తలిపిలోనికి మార్చు పని పెట్టెయు చేయగలదు, కంట్రోలరును చేయగలదు. విద్యార్థి పంపిన ఫ్రేము పాఠశాల తీగనుండియే నేరుగా వెలికి పోవచ్చును. లేదా ముందుగా కంట్రోలరునొద్దకు సొరంగమువంటి మార్గమున పోయి అటనుండి వెలికి పోవచ్చును.

వైఫై మూలనియమమైన 802.11 ను ఐ.ఇ.ఇ.ఇ. అను ఇంజనీర్ల సంఘము 1997లో ప్రకటించినది. ఫోను, పెట్టె ఎట్లు మాటలాడుకొనవలెనో అందు నిర్ణయించిరి గాని, పెట్టెను రెండుగా చీల్చినచో ఆ రెండు ముక్కలు ఎట్లు మాటలాడుకొనవలెనో చెప్పలేదు. కావున ప్రతి తయారీదారుడును తనకు తోచిన చోట గీత గీసికొనెను. ఒకని పెట్టెకు మరియొకని కంట్రోలరు భాష తెలియదు. ఇంటర్నెట్టు నియమములను రచించు ఐ.ఇ.టి.ఎఫ్. అను సంఘము ఈ చిక్కును 2005 ఫిబ్రవరిలో నొక పత్రమున ప్రకటించి, ఆ జూనులో 4118వ సంఖ్యగల పత్రమున ఆనాడు వాడుకలోనున్న విభజనలను వర్గీకరించినది. ఫ్రేములకు సంబంధించిన పనులన్నియు పెట్టెలోననే యుంచి తక్కిన యేలుబడి తలకిచ్చు పద్ధతిని లోకల్ మాక్ అనిరి. క్షణములో జరుగవలసినవి పెట్టెకు, తక్కినవి తలకు పంచునది స్ప్లిట్ మాక్. పెట్టెలో రేడియో మాత్రము మిగుల్చునది రిమోట్ మాక్.

2009 మార్చిలో 5415, 5416 సంఖ్యలుగల పత్రములందు కాప్‌వాప్ అను ఉమ్మడి భాష వెలువడినది. పెట్టె తన కంట్రోలరును వెదకికొనుట, ఒకరి నొకరు గుర్తుపట్టుట, ఆజ్ఞలు గుప్తముగా పోవుట, "ఉన్నావా?" "ఉన్నాను" అని నడుమనడుమ పలుకరించుకొనుట, ఇవన్నియు నందు వ్రాయబడినవి. ఆ పలుకరింపునకు సామాన్యముగా 30 సెకండ్ల యెడము. అంత శ్రద్ధగా వ్రాసినను గుప్తలిపి పని యెవరిదో స్పష్టపడక, ఒక తయారీదారుని పెట్టెతో మరియొకని కంట్రోలరును కలుపుటకు ఆటంకము మిగిలెను. దానిని తేల్చుటకు 2015 ఏప్రిలులో 7494వ పత్రము వేరుగ వ్రాయవలసివచ్చెను. ఇప్పటికిని ఒకరి పెట్టెను మరియొకరి కంట్రోలరుతో కలిపి నడుపుట యరుదు. పని పంచుకొన్నచో చాలదు, పంపకమును వ్రాసికొనవలెనని ఈ చరిత్ర తెలుపుచున్నది.

ఆ దినమేమి జరిగెను

ఇప్పుడు మా గ్రంథాలయమునకు మరలి వత్తము. మా పాఠశాల కంట్రోలరు మా ప్రాంగణమున లేదు. హైటెక్ సిటీ ప్రాంతమునందలి యొక కార్యాలయమున నున్నది. ఆ యుదయము అచట ఎవరో రోడ్డు త్రవ్వుచు కేబులును తెంచిరి. మా పాఠశాలకు ఇంటర్నెట్టు తెచ్చు తీగ వేరు గనుక అది చెక్కుచెదరలేదు.

గ్రంథాలయపు పెట్టె తల తెగిన చేయివలె మిగిలెను. ఐనను చేతి పనులన్నియు నది మానక చేయుచుండెను. బీకను చాటుచుండెను, అందుచేతనే తెరమీద గుర్తు నిండుగా కనబడెను. ఉదయము వచ్చినవారి విచారణ తీగ తెగకమునుపే ముగిసినది. వారి తాళపుచెవులు పెట్టెయొద్ద అదివరకే చేరియున్నవి. వారి ఫ్రేములు కంట్రోలరుదాక పోనక్కరలేక మా పాఠశాల తీగనుండియే వెలికి పోవుచుండినవి. కావున వారి పని సాగినది. తరువాత వచ్చినవారి పేర్లను విచారింపవలసిన పుస్తకము హైటెక్ సిటీలో నున్నది. పెట్టె ప్రశ్న నంపెను, జవాబు రాలేదు, తలుపు తీయలేదు. ప్రక్క గదికి పోయిన బాలుడు అచటి పెట్టెకు క్రొత్తవాడు. అతని చెవి దానియొద్ద లేదు. మరలి వచ్చునప్పటికి మొదటి పెట్టె అతని పేరు తుడిచివేసినది.

అమ్మాయీ, నీ ప్రశ్నకు జవాబిది. నీ నేస్తురాలిని పోనిచ్చినది గోడమీది పెట్టె కాదు, ఎనిమిది కిలోమీటర్ల దూరమునందలి కంట్రోలరు. నీవు వచ్చునప్పటికి ఆ కంట్రోలరు మాట వినబడుట లేదు. నీ పేరునందు గాని నీ రహస్యపదమునందు గాని దోషము లేదు. బస్సు అరగంట ముందు వచ్చియున్నచో నీవును లోపలనే యుందువు.

నివారణములు, వాటి వెల

ఐనచో విచారణను సైతము పెట్టెకే విడువరాదా? విడువవచ్చును, ఆ సౌకర్యము పెక్కు పెట్టెలలో కలదు. కాని దానికొక వెల యున్నది. పేర్ల పుస్తకము ఒక్కచోట నున్నచో ఒక్కచోట కాపాడిన చాలును. ప్రతి పెట్టెలో నొక ప్రతి యుంచినచో, వసారాలో చేతికందు పెట్టె నెవడైన పెరికికొనిపోయిన నాడు అందరి రహస్యములు వానివెంట పోవును. పుస్తకమున నొక పేరు కొట్టివేసినప్పుడు ప్రతులన్నింట కొట్టివేయువరకు సందు మిగులును. గుప్తలిపి పనిని కంట్రోలరుకే యిచ్చు ఏర్పాటులో పెట్టెయొద్ద తాళపుచెవియైనను ఉండదు; అది మిక్కిలి భద్రము; కాని తీగ తెగిన క్షణముననే లోపలివారును వెలిపడుదురు. భద్రతయు నిరంతరతయు త్రాసులోని రెండు పళ్లెములవంటివి. ఒకటి దిగినచో రెండవది లేచును. బ్యాంకునకు ఏ ప్రక్క మొగ్గు తగునో పాఠశాల గ్రంథాలయమునకును అదియే తగునని చెప్పరాదు.

ఇటీవల మరియొక పద్ధతి వ్యాపించినది. విచారణ, తాళపుచెవులు, ఫ్రేముల మార్గము పెట్టెలయొద్దనే యుంచి, దిద్దుబాటును పర్యవేక్షణమును మాత్రము దూరపు కంప్యూటర్లకిచ్చుట. తల కొంతసేపు కనబడకున్నను చేతులు పనిచేయును. నూతనాజ్ఞలు మాత్రము రావు. గీత మరల చేతివైపు జరిగినదన్నమాట.

పనుల పంపకము ఒక్క మేడతో ముగియదు. 2016 ఏప్రిలులో కాచిగూడ, విజయవాడ, విశాఖపట్టణము స్టేషనులలో రైల్‌టెల్, గూగుల్ సంస్థలు కలసి వైఫై నెలకొల్పినవి. ప్రయాణికుల విచారణ స్టేషనుకొక తీరున కాక అంతటను నొక్క తీరుననే యుండవలెను గదా. 2020లో గూగుల్ తప్పుకొనుటకు నిశ్చయించినను రైల్‌టెల్ సేవ నిలువలేదు. 2020 డిసెంబరు 9వ తేదీన కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన పి.ఎం.-వాణి పథకమున ఈ పంపకము మరియు స్పష్టముగ కనబడును. టీకొట్టు యజమానియైనను తన కొట్టులో పెట్టె యుంచవచ్చును. ఆతనికి లైసెన్సు గాని నమోదు గాని యక్కరలేదు. వినియోగదారుల యనుమతియు లెక్కలును చూచునది అగ్రిగేటరు అను వేరొక సంస్థ. దగ్గరి వైఫైని వెదకి చూపునది ఆప్ నిర్మించువాడు. వీరందరి పట్టికను సి-డాట్ సంస్థ కేంద్రమున నుంచును. కొట్టువాడు తన వాకిటి పని చేయును. దేశమంతటికి సంబంధించినది దేశమంతయు చూడగలవారు చేయుదురు.

మేము చేసిన పని

ఆ దినము పిమ్మట మేము మూడు మార్పులు చేయించితిమి. గ్రంథాలయమునకును కంప్యూటరు గదికిని మాత్రము, కంట్రోలరు పలుకనప్పుడు పెట్టెయే విచారణ చేయు నేర్పాటు జరిగినది. అందుంచిన పుస్తకమున పదవ తరగతివారి పేర్లు తప్ప మరేమియు లేవు, సంవత్సరాంతమున దానిని తుడిచివేయుదురు. ఆ పెట్టెలను చేతికందని యెత్తున బిగించితిమి. మొదటి కంట్రోలరు చిక్కనప్పుడు వేరొక దారిని వేరొక కంట్రోలరును వెదకునట్లు పెట్టెలకు రెండవ చిరునామా నిచ్చిరి.

మూడవ మార్పు ధనము లేనిది. మా యభిప్రాయమున అన్నింటికంటె ముఖ్యమైనది. పరీక్షలకును గడువు దినములకును పదిదినముల ముందు ఒక శనివారము సాయంకాలము కంట్రోలరునకు పోవు మార్గమును మేమే బుద్ధిపూర్వకముగ విడదీయుచున్నాము. అప్పుడు ఎవరు లోపల నిలుతురు, ఎవరు వెలుపల నిలుతురు అని విద్యార్థులే ఒక నోటుపుస్తకమున వ్రాయుచున్నారు. మొదటి శనివారమున ప్రక్క గదికి నడచిన ట్యాబ్లెట్టు మరల వెలిపడెను. లోపము తెలిసి దిద్దబడెను. రెండవ శనివారమున నిలిచెను. తీగ తెగినప్పుడేమగునో తీగ తెగిన దినమున నేర్చుకొనరాదు.

ఈ విద్య నేర్చి రేపు హైటెక్ సిటీ మేడలలో ఇట్టి వ్యవస్థలను నిర్మింపబోవువారు మా విద్యార్థులలో పెక్కుమంది యుందురు. వారికి మా మనవి యొక్కటే. పనులు పంచునప్పుడు ఏది వేగము, ఏది భద్రము, ఏది చౌక అని మూడు ప్రశ్నలు వేసికొందురు. నాలుగవది కూడ వేసికొనుడు: తలయు చేయియు విడిపడిన గంటలో తలుపునొద్ద నిలుచువారెవరు? సాధారణముగా వారు ఆలస్యముగ వచ్చినవారు; ఆలస్యముగ వచ్చినవారు పెక్కుసారులు దూరమునుండి వచ్చినవారు. మా గ్రంథాలయమునందలి యేడుగురును అట్టివారే. వారిలో నొకతె దరఖాస్తు చేరలేదు. ఈ సంవత్సరము ఆమె మరల దరఖాస్తు వ్రాయుచున్నది. ఆ దినము తీగ తెగినను ఆమె ట్యాబ్లెట్టును లోనికి రానిచ్చునట్లు మా పెట్టె సిద్ధపరుపబడినది.